బస్టాపులో నా నోటుపుస్తకం

సోమవారం: చేవెళ్ల బస్సు నలభై నిమిషాలు ఆలస్యం.
మంగళవారం: రానే లేదు.
బుధవారం: గంట దాటినా జాడ లేదు.

మొయినాబాద్ బస్టాపులో ఇది రాసుకుంటుండగా, పక్కనున్న అమ్మాయి ఫోన్‌లో ఉద్యోగానికి వీడియో ఇంటర్వ్యూ మొదలైంది. చేవెళ్లలో అక్క ఇంట్లో తలుపు వేసుకుని ఇవ్వాలనుకున్నదట; బస్సు రాక ఇక్కడే కూర్చుంది. తడబడకుండా జవాబులిస్తోంది.

"మీ పక్కన పెద్దాయన జవాబులు రాసి చూపిస్తున్నారు," అంటూ అవతలి అధికారి కాల్ కట్ చేశాడు.

నేను చేతిలోని నోటుపుస్తకం వైపు చూసుకున్నాను.

"జర ఆగుండ్రి సార్, ఆయనెవరో నాకు తెల్వదు!" ఆమె ఖాళీ తెరకు చెబుతూనే ఉంది. తర్వాత నావైపు తిరిగి, "మీరేం జేసిన్రు బాపు? బస్సు టైమే గద రాసుకున్నరు," అంది.

ఆ కంపెనీ చిరునామా ఆమెనడిగి తీసుకున్నాను. బస్సు టైములు రాసుకున్న పుట నకలు జతచేసి వాళ్లకు రాశాను: "ఆమెకు మళ్లీ ఇంటర్వ్యూ జరపండి. లేదా ఇందులో ఏ పంక్తి మీ ప్రశ్నకు జవాబో లిఖితపూర్వకంగా తెలియజేయండి."