విడిపోని జంట

మా అత్తయ్య పోయింది. మొన్న ఆదివారం పొద్దున్నే మావయ్య ఫోన్ చేసి, "అమ్మలూ, మీ అత్తయ్య లేవట్లేదే" అన్నాడు. నేను దేవేంద్ర నగర్‌లోని మా ఇంటి నుంచి ఆటోలో డబ్ల్యూఆర్ఎస్ కాలనీలోని వాళ్ల రైల్వే క్వార్టర్ చేరేసరికి డాక్టరు వచ్చి వెళ్లిపోయాడు. నిద్రలోనే గుండె ఆగిందట. పక్కన పడుకున్న బుజ్జి, వాళ్ల ఒక్కగానొక్క కూతురు, ఇంకా అమ్మ కొంగు పట్టుకునే ఉంది.

మావాళ్లంతా విజయనగరం వైపు నుంచి రైల్వే వేగన్ల మరమ్మతు పనికి ఈ హిందీ ఊరికి వచ్చినవాళ్లు. అత్తయ్య పెళ్లయి వచ్చాకే హిందీ నేర్చుకుంది. కాలనీ దగ్గరి బళ్లో బయాలజీ చెప్పేది. నేనూ ఆ క్లాసులో కూర్చున్నదాన్నే. మీలో ఎవరైనా ఆవిడ దగ్గర చదువుకుని ఉంటే క్షయకరణ విభజన పాఠం, అదే, క్రోమోజోముల జంటలు విడిపోయే పాఠం, మర్చిపోయి ఉండరు. ఆడపిల్లల్ని ఇద్దరిద్దరిగా ముందుకి పిలిచేది.

"ఒకటి అమ్మ ఇచ్చింది, ఒకటి నాన్న ఇచ్చింది. పొడుగూ పోలికా ఒకటే. ముందు వెతుక్కుని దగ్గరికొస్తాయి" అని మా చేతులు కలిపేది. చున్నీలు మార్పించి, "ఇలా ముక్కలు మార్చుకుంటాయి, అందుకే అక్కాచెల్లెళ్లు కూడా అచ్చం ఒక్కలా ఉండరు" అనేది. చివరికి, "ఇంక చేతులు వదలండి. తలో గోడ దగ్గరికి వెళ్లండి."

"వదలకపోతే, మేడమ్?" అని ఎవరో అడిగారు.

"వదలాలి బేటా. వదిలితేనే తర్వాతి బతుకు" అంది నవ్వుతూ. అప్పటికి బుజ్జి పుట్టలేదు.

బుజ్జి పుట్టాక డౌన్ సిండ్రోమ్ అన్నారు. ఇరవై ఒకటో రకం క్రోమోజోము రెండు ఉండాల్సింది మూడున్నాయి. ఒక్కోసారి అలా జరుగుతుంది, తర్వాతి బిడ్డ బాగుంటుందని అందరూ ధైర్యం చెప్పారు. తర్వాత ఏ కడుపూ నిలవలేదు. చివరికి ఒక పెద్ద డాక్టరు ఇద్దరికీ రక్తపరీక్ష చేయించాడు. రిపోర్టు రోజున బుజ్జిని ఎత్తుకుని నేనూ వెళ్లాను.

డాక్టరు క్రోమోజోముల ఫోటో చూపించి, ఎలా మొదలుపెట్టాలా అని తడబడ్డాడు. అత్తయ్య దాని మీదికి వంగింది.

"ఇది నాదేనా? ఇరవై ఒకటో జంట అతుక్కుపోయి ఉంది."

"మీ ఆరోగ్యానికేం కాదు మేడమ్. కానీ పిల్లలకి..."

"రెండూ కలిసి బిడ్డకి వెళ్తాయి, లేకపోతే ఒక్కటీ వెళ్లదు. వెళ్తే ఈయనదానితో కలిపి మూడు, బుజ్జి. వెళ్లకపోతే నిలవదు. మూడో దారి లేదు. అంతే కదా?"

డాక్టరు తలూపాడు. "ఇంకేదైనా మందు..." అని మావయ్య అడగబోతే, "మందు లేదండీ" అని అత్తయ్యే చెప్పింది.

ఇంట్లో అమ్మమ్మ, మావయ్య వాళ్లమ్మ, మనవడి కోసం మొక్కని దేవుడు లేడు. అత్తయ్య సంచి కూడా దించకుండా ఆవిడ ముందు కూర్చుంది. "నా నుంచే వచ్చింది అత్తా. మీ అబ్బాయిలో ఏమీ లేదు. ఇంక మొక్కొద్దు." ఆ రోజు నుంచి తను పోయేదాకా అమ్మమ్మ అత్తయ్య చేతి టీ తాగలేదు.

"ఎందుకు చెప్పేశావత్తయ్యా?" అని అడిగాను.

"తెలిసిందాన్ని తెలీనట్టు పెట్టుకుని ఎలా బతకనే? ఆవిడ రోజూ ఆశ పడుతుంటే చూస్తూ ఉండాలా?"

బళ్లో మాత్రం ఏటా ఆ పాఠం ఆవిడే చెప్పింది. "చున్నీలు మార్పించేదాకా బానే ఉంటుందే. 'వదలండి' అనేటప్పుడే బోర్డు వైపు తిరిగిపోతాను" అంది ఒకసారి, చీర మీది చాక్‌పీసు పొడి దులుపుకుంటూ.

బుజ్జికి అన్నీ ఓపిగ్గా నేర్పింది. గ్యాస్ ఆపడం వచ్చింది. బట్టలు మడతపెట్టడం మా అందరికంటే బాగా వచ్చింది. జడ రోజూ పొద్దున్నే వంటింటి గడప మీద కూర్చుని అత్తయ్యే వేసేది. తెలీనివాళ్లకి తలుపు తియ్యకూడదన్నది మాత్రం రాలేదు. ఎవరొచ్చినా నవ్వుతూ తీసేస్తుంది. ఆ ఒక్కటి తలుచుకునే అత్తయ్య భయపడేది. పోయినేడు ఊరి చివర టాటీబంధ్ అవతల ఇలాంటి పిల్లల్ని ఉంచుకునే హాస్టల్ ఉందంటే బుజ్జిని తీసుకెళ్లింది. బుజ్జి గుమ్మంలోనే నిలబడిపోయి చెప్పులు విప్పనంది. ఇద్దరూ అదే ఆటోలో వెనక్కొచ్చేశారు.

"నేనున్నాను కదత్తయ్యా" అన్నాను.

"ఆ మాట అనకే. నీకు రెండు గదులు, ముసలి అత్తామామలు. అనేసి చెయ్యలేకపోతే నీకూ బాధ."

ఆవిడ లెక్క తప్పలేదు. మావయ్య వచ్చే ఏడాది రిటైరవుతాడు, క్వార్టర్ ఖాళీ చెయ్యాలి. ఆయనకి చూపు బాగా తగ్గిపోయింది. బుజ్జిని ఎక్కడ ఉంచాలో మాలో ఎవరికీ తెలీదు. తొందరలో తెలుస్తుందన్న ఆశ కూడా లేదు. నాకు సూటిగా ఆలోచించడం నేర్పిన మనిషి ఇంక లేదు, ఎవర్నడగను?

దహనం మర్నాడు పొద్దున్న నేను వంటింటి గడప మీద కూర్చున్నాను. బుజ్జి జుట్టు విప్పుకుని వచ్చి, నాకు వీపు పెట్టి కూర్చుంది. చేతిలోని దువ్వెన భుజం మీదుగా వెనక్కి చాచింది. వెనకెవరున్నారో తిరిగి చూడలేదు.