బెల్లం పరీక్ష

ఎనభైల మధ్యలో, ఒక మండువేసవి సాయంత్రం నర్సంపేట దగ్గర మా బస్సు ఆగిపోయింది. ముందు ఒక లారీ కల్వర్టు గోడను గుద్ది దారికి అడ్డంగా నిలబడింది. దెబ్బలు ఎవరికీ తగల్లేదు. హెడ్ కానిస్టేబుల్ లారీ డ్రైవర్‌ను రోడ్డు మీదే విచారిస్తున్నాడు. ఇలాంటివి చూడడానికి ఎగబడే జనమంటే నాకు ఒళ్లుమంట. అయినా తగుదునమ్మా అని అందరికంటే ముందు నేనే వెళ్లి నిలబడ్డాను.

డ్రైవర్ నోట్లో సారా వాసన లేదు. కళ్లు మాత్రం ఎర్రబడ్డాయి, పెదాలు ఎండిపోయాయి, మాట తడబడుతోంది.

“ఇది గంజాయి పనే. గంజాయి తాగినోడు తీపి చూస్తే ఆగడు, జర చూడుండ్రి,” అంటూ హెడ్ కానిస్టేబుల్ పక్క కొట్టు నుంచి బెల్లం గడ్డ తెప్పించి అతని చేతిలో పెట్టాడు. అలాంటి పరీక్ష నేనెక్కడా చూడలేదు.

డ్రైవర్ తినలేదు. బెల్లాన్ని రుమాలులో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. జేబులో దాచుకునేవాడు తాగినట్టా, తాగనట్టా?

అంతలో ఊళ్లోంచి అజాన్ వినిపించింది. డ్రైవర్ రుమాలు విప్పి, బెల్లమంతా పొడి కూడా మిగల్చకుండా తిన్నాడు. కొట్టతను ఇచ్చిన చెంబెడు నీళ్లు గటగటా తాగాడు.

“రంజాన్ రోజా ఉన్ననని ముందుగాల చెప్పొద్దా?” హెడ్ కానిస్టేబుల్ గొంతు తగ్గింది.

“ఏం తాగినవు, ఎంత తాగినవు అని అందరు అడిగిండ్రు సాబ్,” అన్నాడు డ్రైవర్ మూతి తుడుచుకుంటూ. “తిన్నవా అని ఒక్కలన్న అడిగిండ్రా?”