అద్దం ముందు నిలబెట్టిన టికెట్టు

మా వదినకి వీధంతా కలిసి పెట్టిన పేరు మైకక్క. కుట్టు మిషను ముందు కూర్చుని దారం అడిగిందంటే, మూడిళ్ల అవతలివాళ్లు కూడా సొరుగులు వెతుక్కుంటారు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. మా వదిన నోరు మంచిదే, కాస్త పెద్దది, అంతే. ఆ గొంతు వల్ల నేను సిగ్గుపడ్డ రోజులు చాలా ఉన్నాయి. ఆడపడుచుని కదా, చెప్పే హక్కు నాకుంది.

ఒకప్పుడు ఆమెకి గొంతే లేదంటే ఎవరూ నమ్మరు. పెళ్లికి ముందు బట్టల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టేది. తల్లికి సీరియస్‌గా ఉందని కబురొస్తే సెలవు అడిగింది. సూపర్‌వైజరు రేపు చూద్దామన్నాడు. మర్నాడూ అదే మాట, ఆ మర్నాడూ అదే. తలొంచుకుని మూడు రోజులు కాలర్లు కుట్టింది. నాలుగో రోజు వెళ్లేసరికి తల్లి లేదు. పదమూడేళ్ల చెల్లెలు ఒక్కతే మంచం పక్కన కూర్చుని ఉంది. వదిన మళ్లీ ఆ ఫ్యాక్టరీ గడప తొక్కలేదు. సొంతంగా కొట్టు పెట్టింది. రేపు అనే మాట వింటే ఇప్పటికీ ఆమెకి ఒళ్లు మండుతుంది.

మా కొట్టులో ఒక పద్ధతి ఉంది. కుట్టు వదినది, ఎంబ్రాయిడరీ ఒకరిది, రంగు వేసేది ఇంకొకరు, కాజాలు, గుండీలు నావి. కానీ బట్ట తీసుకుని చీటీ రాసిచ్చేది వదిన కాబట్టి జవాబుదారీ ఆమెదే. ఎక్కడైనా తేడా వస్తే రంగాయన ఎంబ్రాయిడరీ ఆయన మీదకి నెడతాడు, ఆయన ఈయన మీదకి నెడతాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు. అప్పుడు వదిన ఇద్దరినీ పిలిపించి, ఆ బట్టతో సహా నిలువుటద్దం ముందు పక్కపక్కనే నిలబెడుతుంది. చాటున అయితే ఎంతైనా నెట్టుకోవచ్చు. అద్దంలో ఒకరి మొహం ఒకరికి కనబడుతుంటే అది కుదరదు. పని మాత్రం అయిపోతుంది.

ఆ చెల్లెలికే ఈమధ్య గుండె ఆపరేషన్ వచ్చిపడింది. చాలా దూరంలో ఉంటుంది. శుక్రవారం పొద్దున ఎనిమిదింటికి లోపలికి తీసుకెళతామన్నారు. ఫోన్లో ఏడవకుండా ఒకే మాట చెప్పింది.

"అమ్మప్పుడు నేనొక్కదాన్నే ఉన్నానక్కా. ఈసారి నీ గొంతు వినేదాకా మత్తు ఇవ్వనివ్వను."

టికెట్టు నేనే ఆన్‌లైన్లో తీశాను. మూడు విమానాలు, మూడు కంపెనీలవి, కలిపి ఒకటే టికెట్టు. గురువారం పొద్దున తొమ్మిదింటికి బయల్దేరితే శుక్రవారం తెల్లారేసరికి అక్కడ. నా అంత తెలివైనది లేదనుకున్నాను. బుధవారం పొద్దున మెసేజ్ వచ్చింది. మొదటి విమానం సాయంత్రం నాలుగింటికి మార్చారట. అది విమానం మారే ఊళ్లో దిగేలోపు రెండోది ఎగిరిపోతుంది. అదే కంపెనీకి పొద్దున ఆరింటికి ఇంకో విమానం ఉంది, సీట్లూ ఉన్నాయి. ఆ ఒక్కటి మారిస్తే చాలు.

సైటు వాళ్లకి ఫోన్ చేస్తే విమానం కంపెనీని అడగమన్నారు. కంపెనీకి చేస్తే టికెట్టు అమ్మినవాళ్లే మార్చాలన్నారు. మళ్లీ సైటుకి చేస్తే, మూడూ రద్దు చేసి కొత్తగా తీసుకోవాలి, శనివారం దాకా సీట్లు లేవన్నారు. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు నేను ఫోను మంచం మీదకి విసిరేశాను. పోనీ ఆపరేషనే రెండు రోజులు వెనక్కి జరపమందామా అని నోరు జారాను.

వదిన కత్తెర కింద పెట్టింది. "విమానం జరగదు గానీ మా చెల్లి గుండె జరగాలా?" అంది. చెప్పులేసుకుంది.

ఎయిర్‌పోర్టులో కంపెనీ కౌంటరు దగ్గర టై కట్టుకున్న ఒకాయన మర్యాదగానే మాట్లాడాడు. తన చేతుల్లో ఏమీ లేదన్నాడు. పెద్ద సారు లేరు, రేపు రమ్మన్నాడు.

రేపు. అయిపోయిందనుకున్నాను.

వదిన అరవలేదు. సైటు వాళ్లకి మళ్లీ ఫోన్ చెయ్యమంది నాతో. అరగంట పాటు ఫోన్లో సంగీతం వినిపిస్తూనే ఉంది, ఆమె కౌంటరు ముందునుంచి అంగుళం కదల్లేదు. వెనక లైను గొణిగింది. గార్డు వచ్చి పక్కకి జరగమన్నాడు. "నా పనైతే పక్కకేంటి బాబూ, ఇంటికే పోతా," అంది. నేను తల దించుకుని, ఈవిడెవరో నాకు తెలియనట్టు నిలబడ్డాను. ఆ సంగతి గుర్తొస్తే ఇప్పుడు నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

అవతల కస్టమర్ కేర్ అమ్మాయి పలికింది. వదిన స్పీకర్ ఆన్ చేయించి, ఫోను కౌంటరు మీద ఆయన ఎదురుగా పెట్టింది.

"అమ్మాయ్, ఇక్కడ ఈయన నువ్వు మార్చాలంటున్నాడు. బాబూ, ఫోన్లో ఈ పిల్ల నువ్వు మార్చాలంటోంది. ఇద్దరూ నా ముందే ఉన్నారు. మాట్లాడుకోండి, నేను వింటా."

ఆయన టై సర్దుకున్నాడు. టైము మార్చింది తామే కాబట్టి మార్పుకి అనుమతి ఎప్పుడో ఇచ్చేశామని మెల్లగా చెప్పాడు. ఆ సంగతి తమకెవరూ చెప్పలేదని ఆ అమ్మాయి. అనుమతి నంబరు ఉంటే చాలట. ఆయన కంప్యూటర్‌లో చూసి చదివాడు, ఆమె అవతల టైపు చేసింది. నా ఫోను టింగుమంది. ఆరింటి విమానం. మిగతా రెండూ దారప్పోగంత కూడా కదల్లేదు. పొద్దున్నించి ఇద్దరూ చేతులు దులుపుకున్న పని పది నిమిషాలు పట్టింది.

మిగతాది చెల్లెలే నాకు ఫోన్లో చెప్పింది, ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన పదో రోజున. శుక్రవారం ఏడున్నరకి ఆమెని చక్రాల బండి మీద పడుకోబెట్టి తీసుకెళుతున్నారట. అక్క రాలేదని, మత్తు వద్దని మొండికేస్తోందట. నర్సు బతిమాలుతోందట. అంతలో మూసిన తలుపుల అవతల నుంచి, నడవా మొత్తం దద్దరిల్లేలా వినిపించిందట.

"రోగుల్ని చూసే వేళ నాలుగింటికైతే, నాలుగింటికి మళ్లీ చూస్తా. ఇప్పుడు మాత్రం తలుపు తియ్యండి."

చెల్లెలు కళ్లు మూసుకుని చెయ్యి చాపిందట.

"మా అక్క వచ్చేసింది. ఇక ఇవ్వండి మత్తు."