యూరియా వరుసలో రాయి

మా ముత్తాత అప్పలనరసరాజుగారు విజయనగరం వైపు పదకొండు ఊళ్ల జమీందారు. మా తాతగారి ఎదుట ఎవరూ చెప్పులు తొడుక్కుని నడిచేవారు కాదు. నేను భూగర్భశాస్త్ర విద్యార్థిని. రాళ్ల నమూనాల కోసం వరంగల్ జిల్లా తిరుగుతూ వర్ధన్నపేటలో ఆగాను.

మూసి ఉన్న ఎరువుల దుకాణం ముందు చెప్పులు, రాళ్లు బారుగా పెట్టి ఉన్నాయి. మనుషులు ఎదుటి అరుగు మీద నీడన కూర్చున్నారు. ఆ రాళ్లలో ఒకటి చక్కని గులాబీ గ్రానైటు. లోపల ఎలా ఉందో చూద్దామని సుత్తితో కొట్టాను. రెండు ముక్కలైంది.

"ఓ సారూ, అది నా జాగ! యూరియా కోసం పొద్దుగాల పెట్టిన" అంటూ ఒక అవ్వ ఉరికి వచ్చింది. "నా వరి ఎర్రబడ్డది బిడ్డా!" అంతలో ముక్కలు చూసి నెమ్మదించింది. "రెండైనయి గదా, ఇగ నాకు రెండు బస్తాలు."

"పగిలిన రాయి చెల్లది అవ్వా, ఆఖరుకు పో" అన్నాడు ఆ రాయి వెనక ఉన్న చెప్పుల ఆసామి.

చివరికి అందరూ కలిసి, పగలగొట్టినవాడే రాయికి బదులు నిలబడాలని తేల్చారు. మా వంశం తీర్పులు చెప్పిందే గాని విన్నది లేదు. అయినా రెండు జతల చెప్పుల మధ్య నిటారుగా నిలబడ్డాను. "ఓ రాయీ, జర ముందుకు జరుగు" అని ఎవరో అరిస్తే జరిగాను.

షట్టర్ లేచింది. నా వంతు రాగానే అవ్వ వచ్చి, తన భూమి పాస్‌బుక్ చూపించి బస్తా తీసుకుంది. "ఇంతసేపు నిలవడ్డడు, ఈ రాయికి గూడ ఒకటియ్యి" అంది. దుకాణదారు నా పాస్‌బుక్ అడిగాడు. లేదన్నాను.

"ఎకరం గూడ లేదా బిడ్డా?" అంది అవ్వ.

మా ఆఖరి ఎకరన్నర నేను ఈ చదువులో చేరిన ఏడాది అమ్మేశాం.