బోనెట్టు కింద పసుపు

అప్పలరాజు తన కారుని ఎంత శుభ్రంగా ఉంచేవాడంటే, చచ్చిపోయిన పెళ్ళాం గుర్తు ఒక్కటి కూడా అందులో మిగల్లేదు.

ఆ సంగతి అతనికి కారు అమ్మేసిన రోజు ఉదయం తెలిసింది. మధ్యాహ్నానికి అచ్యుతాపురం నుంచి సుమంత్ అనే కుర్రాడు వచ్చి బండి తీసుకుపోతాడు. ఇంజిను కూడా ఒకసారి శుభ్రం చేసి ఉంచమని ఫోన్లో అడిగాడు. పెళ్ళాం నూకాలు పోయాక అప్పలరాజుకి స్టీరింగు పట్టబుద్ధి కాలేదు. ట్యాక్సీ మానేసి మళ్ళీ బోటెక్కుతానన్నాడు. బండి చేతులు మారేలోగా ఆమెది ఏదైనా ఒకటి, తలపిన్నో, వెంట్రుకో, దొరికితే తీసి దాచుకుందామని నాలుగు తలుపులూ తీసి వెతికాడు. మ్యాట్లు ఎత్తాడు. సీట్ల సందుల్లో వేళ్ళు పెట్టాడు. చివరికి ముందు సీటుకి ముక్కు ఆనించి గట్టిగా పీల్చాడు. షాంపూ వాసన, నిమ్మకాయ సెంటు వాసన. అంతే.

ఉంటేనే ఆశ్చర్యపోవాలి. నూకాలు ఫిషింగ్ హార్బర్లో చేపలమ్మేది. కారెక్కిన ప్రతిసారీ సీటు మీద తనే ఓ ప్లాస్టిక్ సంచి పరుచుకుని కూర్చునేది. పరచమని అప్పలరాజు ఎన్నడూ అనలేదు. వద్దనీ అనలేదు. "సేపల కంపుకి నీ కస్టమర్లు పారిపోతారు మావా, నాకెందుకొచ్చిన గోల" అని ఆమే నవ్వేది. ఆమె దిగాక అతను ఆ సీటు ఇంకోసారి తుడిచేవాడు. ఆమె చూస్తుండగానే తుడిచేవాడు.

"ఏటి బావా, పోలీసు కుక్కలాగ సీటు వాసన సూత్తన్నావ్?"

వచ్చినవాడు వరహాలు, నూకాలు అన్న. మరబోటు మీద డ్రైవరు. చేతిలో బ్రష్షులు, జిడ్డు వదిలించే స్ప్రే డబ్బా.

"నీ సెల్లి వాసనేటైనా ఉంటాదేమోనని."

వరహాలు నవ్వు మొహం మీదే ఆరిపోయింది. డబ్బా కింద పెట్టి, బోనెట్టు ఎత్తి కర్ర తగిలించాడు. గాలికి కొట్టుకొచ్చే నల్లదుమ్ము ఇంజిను మీద వేలెడు మందాన పేరుకుని ఉంది.

"ఓరి నాయనో! పైన సూత్తే పెళ్ళికొడుకు, లోపల సూత్తే బొగ్గుల బస్తా. ఇన్నేళ్ళూ ఒక్కసారేనా గుడ్డ ఎట్నేదేటి బావా?"

పెట్టలేదు. దానికో కారణం ఉంది. అప్పలరాజు ఒకప్పుడు బోటు మీద కళాసీ. వల లాగడం, డెక్కు కడగడం, పక్కలకి రంగెయ్యడం కళాసీ పని. ఇంజిను గదిలోకి డ్రైవరు తప్ప ఎవడూ దిగడు, దిగితే తిట్లు తింటాడు. బోటు దిగి కారు కొన్నా ఆ అలవాటు పోలేదు. బాడీకి రోజూ స్నానం, వారం వారం పాలిష్. బోనెట్టు మాత్రం మెకానిక్ దగ్గరే తెరుచుకునేది. అప్పుడు అప్పలరాజు బయట టీ తాగుతుండేవాడు.

వరహాలు బ్యాటరీకి, తీగల ముడులకి ప్లాస్టిక్ కవర్లు చుట్టాడు. "నీల్లు ఇసిరి కొట్టకు, డెక్కనుకున్నావేటి? మందు కొట్టు, బ్రస్సుతో రుద్దు, తడిగుడ్డతో తుడువు. నాను టీ అట్టుకొత్తాను" అని వీధి చివరికి వెళ్ళాడు.

అప్పలరాజు రుద్దాడు. ఏ పనైనా అతనికి సగంలో వదలడం రాదు. దుమ్ము కరిగి నల్లటి నీరై కారింది. కింద నుంచి రేకు తెల్లగా బయటపడుతుంటే, చాలా రోజుల తర్వాత అతనికి కాస్త హాయిగా అనిపించింది. బ్యాటరీ పక్కన, హెడ్‌లైటు వెనకున్న రేకు మీద పచ్చటి మరకలు కొన్ని కనిపించాయి. బ్యాటరీ యాసిడ్ కారి గట్టిపడిందనుకున్నాడు. మందు ఇంకాస్త కొట్టి, బ్రష్షు నొక్కిపట్టి రుద్దాడు.

వరహాలు రెండు గ్లాసులతో వచ్చి, బోనెట్టు కిందకి తొంగిచూసి అలాగే నిలబడిపోయాడు.

"కడిగీసేవా?"

"యాసిడ్డు మరకలురా."

"యాసిడ్డేటి బావా! పసుపది. నూకాలు ఎట్టింది."

అప్పలరాజు చేతిలో బ్రష్షు ఆగింది.

"దసరాకి బోటు ఇంజినుకి మన ఆడోల్లు పసుపు బొట్టెట్టరా? మనిసిని ఒడ్డుకి తెచ్చీది ఇంజినే కదా. మొదటేడు అది బోనెట్టు పైన ఎడితే, పాలిస్ పోతాదని నువ్వు గంటలో తుడిసీసేవంట. మరుసటేటి నుంచి నువ్వు పడుకున్నప్పుడు నన్ను పిలిసీది. నానే బోనెట్టు తీసీవోణ్ణి. 'ఇక్కడైతే మావ సూడ్డు, తుడవడు' అనీది. నీకు తెలుసుననుకున్నాను బావా."

అప్పలరాజు బ్రష్షు తిప్పి చూశాడు. కుచ్చంతా నల్లటి జిడ్డు. బండి కింద నుంచి కాలువలోకి పోయే నీళ్ళు చూశాడు. అవీ నల్లగానే పోతున్నాయి. ఏడాదికొకటి చొప్పున వరసగా పెట్టుకుంటూ వచ్చిన బొట్లు. బ్రష్షు దూరని మూల, రేకు మడత దగ్గర, ఒక్కటి సగం మిగిలింది. చిటికెన వేలు ముద్రంత.

"దాన్ని ముట్టుకోకు" అన్నాడు వరహాలు, ఎవరో ముట్టుకోబోతున్నట్టు.

ఇద్దరూ టీ తాగలేదు. మిగతా రేకంతా పొడిగుడ్డతో వరహాలే తుడిచాడు. ఆ మూలకి గుడ్డ వెళ్ళలేదు. ఆ రేకు ముక్క కోసి తీసేస్తే ఏమవుతుందని అప్పలరాజు అడిగాడు. లైటు ఊడిపోతాది బావా అన్నాడు వరహాలు. బండి అమ్మనని చెప్పేస్తే? ఆ మాట అప్పలరాజు నోటి దాకా వచ్చింది. అప్పటికే సందు మొదట్లో ఆటో ఆగింది.

సుమంత్ మంచి కుర్రాడు. కొత్తగా పెళ్ళయిన కళ మొహం మీద ఉంది. కారు చుట్టూ ఒకసారి తిరిగి, బోనెట్టు కిందకి వంగాడు.

"అబ్బ! షోరూమ్ బండిలా ఉందండీ. మా ఆవిడ హరిచందన చూస్తే వదలదు."

ఇంకొంచెం వంగాడు.

"ఇక్కడేదో చిన్న మరక ఉండిపోయిందండీ, పర్లేదు" అంటూ జేబులోంచి తెల్ల రుమాలు తీసి, నాలిక మీద తడి చేసుకుని, మూలలోకి వేలు పెట్టి తుడిచేశాడు. సాయం చేస్తున్నట్టే తుడిచాడు. రెండు క్షణాల పని.

వరహాలు "ఏయ్" అనబోయాడు. అప్పలరాజు అతని చెయ్యి పట్టుకున్నాడు.

"ఆ రుమాలు ఇటియ్యి బాబూ."

"ఎందుకండీ?"

"మరకైపోనాది కదా. ఉతికిత్తాను."

"భలేవారండీ, పారేయండి."

అప్పలరాజు రుమాలు అందుకున్నాడు. పచ్చటి మరక లోపలికి వచ్చేలా మడత పెట్టి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. తర్వాత రెండో జేబులోంచి తాళాలు తీసి ఇచ్చాడు.