స్టీలు డబ్బాలో నా పేరు

హిందీ మాట్లాడే ఊళ్లో, తెలీబంధా పేటలో మా వీధి తెలుగు ఆడవాళ్లం కలిసి చీటీ వేసుకునేవాళ్లం. నెలనెలా మొదటి ఆదివారం సరోజక్క అందరి పేర్లూ చిన్న కాగితాల మీద, అక్కడి మాటలో పర్చీల మీద, రాసి, మడిచి, స్టీలు డబ్బాలో వేసేది. ఎవరి పేరు వస్తే ఆ నెల డబ్బు వాళ్లది.

ఓ ఏడాది రెండో నెలలోనే నా పేరు వచ్చింది. డబ్బు అద్దె బాకీకి సరిపోయింది. తర్వాత ఉర్లాలో మా ఆయన పనిచేసే ఫ్యాక్టరీ మూతపడి, మిగతా వాయిదాలు కట్టలేకపోయాను. ఎవరూ తిట్టలేదు. పిలవడం మానేశారు, అంతే. ఆదివారాలు వాళ్ల నవ్వులు మా వంటింట్లోకి వినిపించేవి. కిటికీ మూసేదాన్ని, కాసేపటికి మళ్లీ నేనే తీసేదాన్ని.

టిఫిన్లు అమ్మి మూడేళ్లు కొంచెం కొంచెంగా చీటీ బాకీ తీర్చాను. ఆఖరి వాయిదాతో వెళ్లేసరికి చీటీ తీయబోతున్నారు. డబ్బు అక్క చేతిలో పెట్టి, తలెత్తకుండా చెప్పుల కోసం వెతుక్కున్నాను.

"ఎక్కడికెల్లిపోతన్నావే? కూకో. ఇంకా పర్చీ తియ్యలేదు," అంది అక్క.

"నేనెందుకక్కా?"

"కొత్త చీటీ ఇయ్యాలే మొదలు. ఆఖరి వాయిదా ఇయ్యాల తెస్తానన్నావు కదా, పొద్దున్నే నీ పేరు కూడా రాసీసినాను."

ఆ నెల ఇంకెవరి పేరో వచ్చింది. మిగిలిన కాగితాలు పారేస్తుంటే నాది అడిగి తెచ్చుకున్నాను. నేను డబ్బు తేకముందే మడిచిన ఆ కాగితం ఇప్పటికీ నా పర్సులో ఉంది.