తొట్టిలో ఎవరి చెయ్యి

2023 మే నెల. నరసరావుపేటలో నాకు అక్వేరియం షాపుంది. చేపలూ తొట్లూ అమ్ముతాను, ఇళ్ళకు వెళ్ళి వాటి బాగోగులు చూస్తాను. అప్పటికి నా చేతికింద ఉప్పునీటి తొట్లు మూడే. వాటిలో పెద్దది పత్తి వ్యాపారి కోటేశ్వరరావు గారింట్లోది. పెట్టింది ఆయన కాదు, ఆయన తమ్ముడు రవి. నాలుగడుగుల అద్దాల తొట్టిలో మూడేళ్ళు తంటాలుపడి కోరల్స్ పెంచాడు. కోరల్ రాయీ కాదు, మొక్కా కాదు. రాయిని పట్టుకుని బతికే మెత్తటి జీవి. బాగుంటే విచ్చుకుంటుంది, బాగులేకపోతే ముడుచుకుంటుంది. అంతకు మించి ఏమీ చెప్పలేదు.

ఆ ఫిబ్రవరిలో రవి గుండెపోటుతో పోయాడు. మేలో కోటేశ్వరరావు గారు ఫోన్ చేసి, కోరల్స్ చచ్చిపోతున్నాయి, వచ్చి చూడమన్నారు.

వెళ్ళేసరికి చేపలు హుషారుగా తిరుగుతున్నాయి. కోరల్స్ సగం తెల్లబడ్డాయి, మిగిలినవి ముడుచుకుని ఉన్నాయి. నాచు తినే నత్తలు అడుగున చచ్చిపడి ఉన్నాయి. ఉప్పు శాతం, వేడి, నైట్రేట్ అన్నీ చూశాను. తేడా లేదు. రవి భార్య అనసూయ కనిపించలేదు. రవి తర్వాత ఈ తొట్టి సంగతి తెలిసింది ఆమెకే. అతనున్నప్పుడు రోజూ ఆవిరైన మేరకు నేను పంపే క్యాన్ నీళ్ళు పోసేది, ఏ కోరల్ ఎట్లా ఉందో నోటుబుక్కులో రాసేది. ఆమెను పిలవమన్నాను.

"ఆమెను దాని దగ్గరికి రానీటంలేదులే ప్రసాదూ," అన్నారాయన. "పదకొండో రోజున ఆమె పోయి నిలబడంగానే అన్నీ ముడుచుకున్నయ్. చుట్టాలందరూ చూశారు. అమ్మకి చానా పట్టింపు."

ఆమె ఏం చేసిందని అడిగాను. లైటు వేసిందట. ఇక్కడ నన్ను నేనే తిట్టుకోవాలి. రవి పోయిన ఆ పది రోజులూ వచ్చి నీళ్ళు పోసింది నేనే. చావింట్లో రంగు లైట్లు బాగుండవని వెయ్యలేదు. అన్ని రోజులు చీకట్లో ఉన్న కోరల్ మీద ఒక్కసారిగా పూర్తి లైటు పడితే ముడుచుకుంటుంది. నాలుగు రోజులకు మళ్ళీ విచ్చుకుంటుంది. ఆ మాటే చెప్పాను. మరి ఆమెను దూరం పెట్టినా ఇప్పుడెందుకు చస్తున్నాయని ఆయన అడిగారు. ఆమె ఇంట్లో ఉన్నా దోషమేనని వాళ్ళమ్మ అంటున్నారట. అందుకని ఆదివారం ఆమెను నకరికల్లులో వాళ్ళ అన్నగారింటికి పంపుతున్నారు. ఎన్నాళ్ళకో చెప్పలేదు.

చేపలు బాగుండి నత్తలూ కోరల్సూ చస్తుంటే మా పనిలో మొదట అనుమానించేది రాగిని. చేప తట్టుకునే రాగి కోరల్‌ను చంపుతుంది. ఇప్పుడు నీళ్ళు ఎవరు పోస్తున్నారని అడిగాను. తానేనన్నారు. నేను పంపే క్యాన్లలో ఉండేవి లవణాలన్నీ తీసేసిన నీళ్ళు. ఆ క్యాన్లు మెట్ల కింద అట్లాగే ఉన్నాయి. వాటిని మొయ్యడం ఎందుకని ఆయన వంటింట్లో కొత్తగా పెట్టించిన వాటర్ మిషన్ నుంచి పడుతున్నారు.

"మనం తాగే నీళ్ళే. రాగి కలిపి ఇస్తది, ఒంటికి మంచిది," అన్నారు.

బండిలోంచి కాపర్ టెస్ట్ కిట్ తెచ్చాను. గాజు గొట్టంలో నీళ్ళు పోసి మందు చుక్కలు వేస్తే, రాగి ఉంటే రంగు మారుతుంది. మిషన్ నీళ్ళు మారాయి. తొట్టి నీళ్ళు మారాయి. క్యాన్ నీళ్ళు మారలేదు. మూడు గొట్టాలూ హాల్లో టేబుల్ మీద పెట్టాను.

ఆయన చూసి, "ఓహో, మిషన్‌దా? అయితే రేపట్నుంచి క్యాన్ నీళ్ళే పోద్దాం," అన్నారు.

అంతే. మిషన్ తప్పు నిమిషంలో మాఫీ అయింది. మూడు నెలలుగా ఒక మనిషి మీద మోపిన నింద గురించి మాట లేదు. ఆదివారం ప్రయాణం మాటా లేదు.

నాకు గొంతు పెంచే అలవాటు లేదు. ఆ రోజు పెరిగింది. "నా భార్య పోయి రెండేళ్ళు. దినానికి మీరూ వచ్చారు. రవి పోయిన పది రోజులూ ఈ తొట్టిలో పెట్టింది నా చెయ్యే. నన్నెవరూ వద్దనలేదేం?"

"నువ్వు మగాడివి గదా," అన్నారాయన. నిజంగానే ఆశ్చర్యపోయారు.

"ఆమెను పొయ్యనిచ్చి ఉంటే ఇట్లా చచ్చేవి కావు. వద్దన్నది మీరు, పోసింది మీరు. ఆమె చూసుకుంటేనే నేనీ తొట్టి పని చేస్తా. లేదంటే వేరేవాళ్ళని పిలుచుకోండి."

వంటింటి గుమ్మంలో అనసూయ నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో గమనించలేదు. టేబుల్ దగ్గరికి వచ్చి మూడు గొట్టాలూ చూసింది.

"ఎన్ని బతుకుతయ్ అన్నయ్యా?"

నాలుగో అయిదో అన్నాను. మెట్ల కిందికి వెళ్ళి క్యాన్ మోసుకొచ్చింది. లోపలి గదిలోంచి అత్తగారు, "ఏమే, దేన్ని ముట్టుకుంటన్నావ్?" అన్నారు.

"తొట్టినే అత్తయ్యా," అంది. తర్వాత కోటేశ్వరరావు గారి వైపు తిరిగింది. "ఆదివారం నేను పోవటంలేదు బావగారూ. వీటికి రోజూ నీళ్ళు పొయ్యాల."

ఆయన ఫోన్ తీసుకుని బయటికి వెళ్ళారు. ఆదివారం ఆమె నకరికల్లు వెళ్ళలేదు. రాగిని పీల్చే రెసిన్ వేసి, రెండు నెలలు నీళ్ళు మారుస్తూ పోతే నాలుగు కోరల్స్ బతికాయి. ఆమెతో ఎవరూ తప్పయిందని అనలేదు, ఇప్పటికీ.

రాగి సంగతి పుస్తకాల్లో ఉంది. ఆ ఇంట్లో నేర్చుకున్నది వాటిలో లేదు. ఇప్పుడు ఎవరింటికి వెళ్ళినా కిట్ తెరవక ముందే రెండు ప్రశ్నలు అడుగుతాను. ఇంతకుముందు దీన్ని ఎవరు చూసేవాళ్ళు? ఎందుకు మానేశారు? మొదటిదానికి వెంటనే చెబుతారు. రెండోదానికి ఇంట్లోవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుంటే, నేను కుర్చీ లాక్కుని కూర్చుంటాను.